మీకు తెలుసా? గాడి నుంచి గిన్నెలోకి

ఆంధ్రా భోజన హోటళ్లలో మీగడ వేసి వడ్డించే ఉలవచారు మొదట్లో ఎద్దుల దాణా వార్చగా మిగిలిన నీరు!

కృష్ణా, గుంటూరు పల్లెల్లో దుక్కిటెద్దులకు సత్తువ కోసం ఉలవలు ఉడకబెట్టేవారు. గింజలు గాడిలోకి, వార్చిన ఉలవకట్టు వంటింట్లోకి. రాత్రంతా నానిన ఉలవలు గంటల తరబడి ఉడికితే గానీ ఆ కట్టుకు ముదురు రంగు రాదు. అందులో చింతపండు పులుసు పోసి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా మరిగించి పోపు పెడితే ఉలవచారు. చారు అన్నది పేరుకే. మంచి ఉలవచారు గరిటె నుంచి జారడానికి కాస్త బద్ధకిస్తుంది. వేడన్నం, వెన్నపూస తోడుంటే ఇక పక్కన కూర వెతకక్కర్లేదు.

ఇంగ్లీషువాళ్లు ఉలవకు పెట్టిన పేరు హార్స్ గ్రామ్, అంటే గుర్రపు గింజ. పశువుల తిండి అన్న ముద్ర అక్కడా తప్పలేదు. కానీ నూటికి దాదాపు 22 పాళ్లు మాంసకృత్తులున్న ఈ గింజ మనుషులకు కొత్తేమీ కాదు. బళ్ళారి దగ్గరి సంగనకల్లులో, సుమారు 4,000 ఏళ్ల నాటి నవీన శిలాయుగపు పొరల్లో, మాడిన ఉలవ గింజలు తవ్వకాల్లో బయటపడ్డాయి.

ఇప్పుడైతే ఉలవచారు బిర్యానీ కూడా వచ్చేసింది. 2014లో ప్రకాష్‌రాజ్ ఏకంగా ఆ పేరుతోనే సినిమా తీశారు.