మూడు కరెంట్లు రెండు అంకెలుగా ఎలా మారతాయి?

డబ్ల్యూఏజీ-9 రకం గూడ్సు ఇంజను చక్రాలను తిప్పేవి త్రీఫేజ్ మోటార్లు. ప్రతి మోటారులో మూడు కరెంట్లు ఒకదాని వెనక ఒకటి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. క్షణక్షణం మారే ఈ మూడింటినీ అదుపు చేయడం ఎలా?

ఆ మూడింటినీ కూడితే ఎప్పుడూ సున్నాయే. రెండు తెలిస్తే మూడోది తెలిసినట్టే! అందుకే గ్రాఫు కాగితం మీది రెండు అక్షాలు చాలు. మొదటి అంకె: ఒకటో కరెంటు. రెండో అంకె: రెండో కరెంటులోంచి మూడోది తీసేసి, 1.732తో (అంటే 3 వర్గమూలంతో) భాగిస్తే వచ్చేది.

వేసి చూడండి. 10, −5, −5 ఆంపియర్లయితే (10, 0). కాస్త తర్వాత 0, 8.66, −8.66 అయితే (0, 10). సున్నా నుంచి ఆ బిందువుకు బాణం గీయండి. అది పావు చుట్టు తిరిగింది, పొడవు మాత్రం 10 దగ్గరే ఉంది. ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఈ లెక్కకు అమెరికా ఇంజనీరు ఎడిత్ క్లార్క్ పేరు పెట్టారు.

1929లో ఇంజనీరు రాబర్ట్ పార్క్ ఏకంగా అక్షాలనే తిప్పారు. బాణంతోపాటే అక్షాలూ తిరిగితే రెండు అంకెలూ నిలకడగా ఉంటాయి. ఇండక్షన్ మోటారులో ఒకటి అయస్కాంత క్షేత్రాన్ని నిలబెడుతుంది, రెండోది తిప్పే బలాన్ని ఇస్తుంది. బండిని గట్టిగా లాగాలంటే ఆ రెండోదాన్ని పెంచాలి.