‘లేదండీ’ అనిపించుకోని ప్రశ్న

ఎమ్మెల్యే అసెంబ్లీలో లేచి గొంతెత్తితే ఊరి పని అయిపోయినట్టేనని చాలామంది నమ్మకం. టీవీలో ఆ క్లిప్పింగు చూసి, వాట్సాప్‌లో పదిమందికి పంపించి ఊరుకుంటారు. శాసనసభ సచివాలయంలో ప్రశ్నల విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని కనుక నాకా నమ్మకం లేదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని పాత భవనంలో మొదలుపెట్టి, 2017 మార్చిలో సభ వెలగపూడిలో కూర్చున్నప్పుడు ఫైళ్లతో పాటు తరలివెళ్లినదాన్ని. సభలో ఎవరు గట్టిగా అరిచారో మాకు అక్కర్లేదు. ఎవరి కాగితం గట్టిదన్నదే మాకు కావాలి.

ఆ కాగితం సంగతి ముందు చెబుతాను. సభ్యుడు ప్రశ్న వేయాలంటే ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నక్షత్రం గుర్తు పెడితే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్రం లేకపోతే రాతలో జవాబు వస్తుంది, అంతటితో సరి. ప్రశ్నకు ఒక మూస ఉంది. ‘వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి దయతో ఈ క్రింది విషయములు తెలియజేయుదురా’ అని మొదలై, అ: ఫలానాది వాస్తవమేనా, ఆ: అయినచో వివరాలేమి, ఇ: కానిచో కారణాలేమి, అని ముగుస్తుంది. దీనికి జవాబు రాయడంలో శాఖల వాళ్ల చెయ్యి బాగా తిరిగి ఉంటుంది. అ: లేదండీ. ఆ: ప్రశ్న ఉత్పన్నం కాదు. ఇ: ప్రశ్న ఉత్పన్నం కాదు. మూడు ముక్కల్లో ఒక జిల్లా గోడు తీరిపోతుంది!

మాది శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల పట్టీ. కొబ్బరి, జీడి, పనస తోటల నీడన కిడ్నీలు పాడైపోయే చోటు. సుగరూ బీపీ లేని మనిషికి, మొహం వాచని మనిషికి, ఉన్నట్టుండి నీరసమొచ్చి రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఆరో ఏడో అని తేలుతుంది. మామూలుగా అది ఒకటి దగ్గర ఉండాలి. మా ఊళ్లో పెళ్లిళ్లలో కూడా ‘ఎంతకొచ్చింది?’ అని అడుగుతారు. కట్నం గురించో జీడిపిక్కల ధర గురించో అనుకోకండి. నేను సెలవుకు వెళ్లినప్పుడల్లా మా చిన్నాన్న ఒకే మాట: “ఏటమ్మా, అసెంబ్లీలో ఉద్యోగమంటావు, మా రోగం మాట అక్కడ ఎవులూ అడగరా?”

అడిగేవారు. ఏళ్ల తరబడి, అన్ని పార్టీల వాళ్లూ అడిగారు. నా బల్ల మీదికే వచ్చేవి. ‘ప్రభుత్వ దారుణ నిర్లక్ష్యం వల్ల ఉద్దానం ప్రజలు పిట్టల్లా రాలిపోతున్న మాట వాస్తవమేనా’ అన్న ధోరణిలో ఉండేవి. ప్రశ్నలో ఆరోపణ, వ్యంగ్యం, వాదన ఉండకూడదని నిబంధన. కనుక ‘దారుణ’, ‘నిర్లక్ష్యం’, ‘పిట్టల్లా’ కొట్టేయడం నా పని. మా ఊరి గురించే రాసిన ప్రశ్నలో, మా చిన్నాన్న అనుకునే మాటలనే, నా ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని. ఒక మాట చేర్చడానికి మాత్రం నాకు అధికారం లేదు. ప్రశ్న సభ్యుడి సొత్తు. కొట్టివేతలన్నీ పోగా మిగిలేదేమిటి? కిడ్నీ వ్యాధి ఉన్నది వాస్తవమేనా, ప్రభుత్వం తీసుకున్న చర్యలేమి. జవాబు: వాస్తవమేనండీ, వ్యాధికి కారణాలపై నిపుణుల పరిశోధన జరుగుతున్నది.

ఈ జవాబు దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇందులో అబద్ధమేమీ లేదు. ఉద్దానం వ్యాధికి కారణం ఇదీ అని ఇప్పటికీ రూఢిగా తేలలేదు. భూగర్భజలంలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే కూలిపని, నొప్పి మాత్రలు... ఒక్కొక్కరు ఒక్కోదాన్ని అనుమానిస్తారు. శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా మూలం మీద వాదనలే. అయితే కారణం తేలలేదు కదా అని డయాలసిస్ మిషను కొనడం ఆపనక్కర్లేదు. బోరు మాన్పించి నది నీళ్లు ఇవ్వడానికీ సైంటిస్టు సంతకం అక్కర్లేదు. ‘పరిశోధన జరుగుతున్నది’ అన్న వాక్యం చాటున ఎన్ని ప్రభుత్వాలు కాలక్షేపం చేశాయో నేను ఫైళ్లలో చూశాను. ‘కారణమేమి’ అని అడిగిన ప్రతి సభ్యుడూ తెలియకుండానే ఆ చాటును ఇంకాస్త పెద్దది చేసిపెట్టాడు.

ఒక సభ్యుడు మాత్రం (పేరు చెప్పను, పార్టీ అంతకన్నా చెప్పను) ఒకసారి వేరే రకం కాగితం తెచ్చారు. విశేషణమే లేదు, నేను కొట్టేయడానికి ఏమీ దొరకలేదు. అ: ఉద్దానం మండలాల్లో ప్రభుత్వ ఆసుపత్రులలో ఉన్న డయాలసిస్ యంత్రాలెన్ని, వాటిలో పనిచేస్తున్నవెన్ని, ఆ: మంజూరైన నెఫ్రాలజిస్టు పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఖాళీలు ఏ తేదీ నుంచి, ఇ: క్రియాటినిన్ పరీక్ష కోసం గత ఏడాది సేకరించిన నమూనాలెన్ని. దీనికి ‘లేదండీ’ అనడం కుదరదు. ఎవరో ఒక గుమాస్తా జిల్లా ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి, వాళ్లు ఆసుపత్రికి చెయ్యాలి, ఒక రిజిస్టరు తెరవాలి. సభలో ఆ ప్రశ్న పిలుపుకొచ్చే లోపే సగం పని అయిపోతుంది. ఖాళీల అంకె మంత్రి చేత చదివించడం ఇష్టంలేని శాఖ, ఆ వారంలోనే ఒకరిద్దరికి ఆర్డర్లిస్తుంది. ఇది నేను వ్యాధుల ప్రశ్నల్లోనే కాదు, స్కూళ్లు, అంగన్‌వాడీల ప్రశ్నల్లోనూ చూశాను.

అనుబంధ ప్రశ్న ఇంకా మజా. మంత్రికి రాసిచ్చిన జవాబు ఉంటుంది గానీ దానిమీద పుట్టే ప్రశ్నకు ఉండదు. అధికారుల గ్యాలరీలో చిన్న చిన్న చీటీలు రాస్తుంటారు, మార్షల్స్ తెచ్చి మంత్రి చేతిలో పెడుతుంటారు. చీటీ రావడం ఆలస్యమైతే మంత్రి మొహంలో తెలిసిపోతుంది. ‘వివరాలు తెప్పించి సభ్యునికి పంపుతాను’ అంటారు. ఈ మాట విని గ్యాలరీలోని జనం నీరసపడతారు. మేము మాత్రం చెవులు రిక్కిస్తాం. ‘పంపుతాను’, ‘పరిశీలిస్తాము’, ‘చర్యలు తీసుకుంటాము’ లాంటివి సభా రికార్డులోకి ఎక్కితే హామీలు. వాటిని ఏరి నెరవేరాయా లేదా చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. పత్రికలు దాన్ని పట్టించుకోవు, దాని సమావేశాలకు కెమెరాలు రావు. ప్రశ్నల గంట అయ్యాక వచ్చే జీరో అవర్‌లో మాత్రం మంత్రి ‘నోటెడ్’ అంటే నోటెడే. ఎక్కడ నోట్ చేసుకున్నారో ఆ మంత్రిగారికే తెలియాలి.

ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే నిలబడే జనానికి ఇదంతా అక్కర్లేదు, నిజమే. వాళ్లకు కావలసింది సీఎం సహాయ నిధికి ఒక లెటరు. నిమ్స్‌లోనో కేజీహెచ్‌లోనో మనిషిని పడుకోబెట్టి, ఖర్చు ప్రభుత్వం భరిస్తుందనే ఎల్‌ఓసీ కాగితం కోసం పరుగెత్తుకొచ్చినవాడికి నక్షత్రం గుర్తు గురించి చెబితే కొడతాడు. ఆ లెటర్లు వ్యర్థమని నేననను. వాటి వెనక ఒక చరిత్రే ఉంది. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఉమ్మడి రాష్ట్రంలో సహాయ నిధి నుంచి ఆసుపత్రి ఖర్చులకు 55 వేల పైచిలుకు కేసుల్లో సుమారు 168 కోట్లు ఇచ్చారు. అన్ని అర్జీలు ఒక్క ఆఫీసుకొచ్చి పడితే అదొక లెక్కగా కనబడక మానదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది, మొదటి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు మా శ్రీకాకుళం కూడా ఉంది. ఒక లెటరు ఒక మనిషికే పనికొస్తుంది, యాభై వేల లెటర్లు పథకమవుతాయి. కానీ వాటిని ఎవరో ఒకరు కూడాలి.

ప్రశ్నలు పనిచేయకపోతే జనం ఏం చేస్తారో నల్గొండ చూపించింది. అక్కడి గోడు ఫ్లోరోసిస్, తాగే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు వంకరపోయే జబ్బు. మన ప్రాంతంలో దాన్ని 1937లోనే ప్రకాశం వైపు దర్శి దగ్గర గుర్తించారు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ పేరే పెట్టింది. రోజూ కొలత ప్రకారం మందు కలిపి, అడుగున దిగిన మడ్డి తీసి పారబోసేవాడు ఉంటేనే అది నడుస్తుంది. ఊళ్లలో ఆ మనిషి ఎవరు? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని తెలిసీ జనం ఆ బోర్ల నీళ్లే తాగారు. కాళ్లు వంకరపోయిన పిల్లల ఫోటోలు మాత్రం పత్రికల్లో బాగానే వచ్చాయి. విసిగిపోయి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలట్ కాగితం కాస్తా పుస్తకమైంది. దేశమంతా ఫ్లోరైడు మాట వినక తప్పలేదు. గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. ఢిల్లీ వెంటనే చేసిన పని ఏమిటంటే, జనరల్ అభ్యర్థికి డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెంచడం. కృష్ణా నీళ్లు ఊరూరికీ రావడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది.

మా ఉద్దానానికి కూడా నీళ్లు వచ్చాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పైపుల్లో 807 గ్రామాలకు ఇచ్చే 700 కోట్ల పథకాన్నీ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్నీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. డయాలసిస్ రోగికి నెలకు 10 వేల పెన్షనుంది. ఒకప్పుడు డయాలసిస్ కోసం రెండు వందల కిలోమీటర్లు విశాఖపట్నం వెళ్లి, నాలుగు గంటలు మిషను మీద పడుకుని, అదే బస్సులో వాంతులతో తిరిగొచ్చేవారు. వారానికి రెండు మూడుసార్లు ఆ ప్రయాణం చేసినవాళ్లకు ఈ తేడా ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఘనత ఎవరిదని పార్టీలు కొట్టుకుంటున్నాయి, కొట్టుకోనివ్వండి. భవనం లేచాక అడగాల్సిన ప్రశ్నలు వేరే. రిబ్బను కత్తిరించడానికి ముఖ్యమంత్రి వస్తారు, రాత్రి డ్యూటీ టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉంటే చూడటానికి ఎవరూ రారు. అందుకే ఇప్పుడే సభ్యుడి అవసరం ఎక్కువ. సభ కూర్చునే రోజులే తగ్గిపోతున్నాయి గనక, ఉన్న కొద్దిపాటి ప్రశ్నల గంటను ‘వాస్తవమేనా’తో తగలెయ్యడం దండగ.

మొన్న సంక్రాంతికి వెళ్తే ఊరివాళ్లు వినతిపత్రం రాసిపెట్టమన్నారు, ఎమ్మెల్యే వస్తున్నారని. ‘మహారాజశ్రీ’తో మొదలుపెట్టి, తాగునీటి ఎద్దడిని సత్వరమే నివారించాలని ఒక పేజీ అప్పటికే రాసి ఉంచారు. దాన్ని పక్కన పెట్టి, పంచాయతీ కుర్రాణ్ని కొళాయి దగ్గర నెలరోజులు లెక్క రాయమన్నాను: ఏ రోజు నీళ్లొచ్చాయి, ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ఆగాయి. కొంచెం సణిగాడు గానీ రాశాడు. ఆ నోటుబుక్కు జెరాక్సుతో పాటు మూడు వాక్యాలు పెట్టి ఇచ్చాం. మా ఊరికి గత నెలలో పథకం నీళ్లు వచ్చిన రోజులెన్ని అని ప్రభుత్వ రికార్డు చెబుతున్నది? ఆ నీటిని చివరిసారి ఏ తేదీన, ఏ ల్యాబులో పరీక్షించారు? నీళ్లు రాని రోజున ట్యాంకరు పంపవలసిన అధికారి ఎవరు?

ఎమ్మెల్యేగారు చదివి, “ఇది ఎవరు రాశారమ్మా?” అన్నారు. మా చిన్నాన్న నా వైపు చూపించాడు. నక్షత్రం పెట్టి పంపమని చెప్పాను.