నల్ల బ్యాడ్జీ, రెండు సైకిళ్లు, రెండేళ్లు

ఇంటర్ ఫలితాలొచ్చాక పిల్లాడికి ఏ కాలేజీలో సీటొస్తుందోనని మన ఇళ్లలో ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తాం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో చాలా ఇళ్లు అదే వయసు పిల్లల కోసం అంతే ఆత్రంగా ఎదురుచూస్తాయి. అయితే అది సీటు కోసం కాదు, దేశం కోసం. బ్రెజిల్ వస్తుందా, జపానా, ఘనానా, లేక పక్క రాష్ట్రమేనా? ఎవరికీ తెలియదు. సాల్ట్ లేక్ సిటీలోని చర్చి ప్రధాన కార్యాలయం ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. ఒకప్పుడు ఆ పిలుపు పెద్ద తెల్ల కవర్లో పోస్టులో వచ్చేది, 2018 నుంచి ఆన్‌లైన్‌లో వస్తోంది. బంధువులూ స్నేహితులూ చేరాక అందరి ముందూ దాన్ని పైకి చదువుతారు. కేకలు, కౌగిలింతలు, ఓ మూల తల్లి కన్నీళ్లు. ‘తైవాన్, తైచుంగ్ మిషన్, మాండరిన్ చైనీస్’ అని అందులో ఉంటే ఆ కుర్రాడి రాబోయే రెండేళ్లూ ఖరారైపోయినట్టే.

వీళ్లనే లోకం మోర్మన్లు అంటుంది. చర్చి అసలు పేరు ‘ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్ డే సెయింట్స్’. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. బైబిల్‌తో పాటు అదే ఏడాది అచ్చయిన ‘బుక్ ఆఫ్ మోర్మన్’ కూడా వీళ్లకు పవిత్ర గ్రంథమే. సభ్యులు ప్రపంచమంతా కలిపి కోటీ డెబ్బై లక్షలకు పైనే. 2024 చివరికి పూర్తికాలం మిషనరీలు 74 వేల పైచిలుకు ఉన్నారు. వాళ్లలో అత్యధికులు ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లే.

వీళ్లకు జీతం ఉండదు, సరికదా ఎదురు డబ్బు కట్టాలి. అమెరికా కుర్రాడు టోక్యో వెళ్లినా, లిమా వెళ్లినా నెలనెలా కట్టేది ఒకటే మొత్తం. చాలామంది హైస్కూల్లో ఉండగానే ఇరుగుపొరుగు ఇళ్ల ముందు గడ్డి కోసి, హోటళ్లలో గిన్నెలు కడిగి అందుకోసం కూడబెడతారు. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు. 2012 అక్టోబరులో అప్పటి చర్చి అధ్యక్షుడు థామస్ మాన్సన్ కనీస వయసును అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి తగ్గించారు. దాంతో దరఖాస్తులు వెల్లువెత్తాయి, అందులోనూ అమ్మాయిలవి.

బయల్దేరే ముందు శిక్షణ ఉంటుంది. యూటాలోని ప్రోవో పట్టణంలో ఉన్న శిక్షణ కేంద్రంలో యాభైకి పైగా భాషలు నేర్పుతారు. మాండరిన్‌కు దక్కేది రెండు నెలల చిల్లర. ఒకే శబ్దాన్ని నాలుగు రాగాల్లో పలికితే నాలుగు అర్థాలొచ్చే భాష అది. అందులో ప్రార్థన చేయడం, తన గురించి చెప్పుకోవడం, ఎదుటివాళ్ల బాగోగులు అడగడం ఆ కొద్ది వారాల్లోనే రావాలి. అక్కడ అడుగుపెట్టిన రోజు నుంచి ఇంట్లో పిలిచే పేరు పక్కకు పోతుంది. అబ్బాయైతే ‘ఎల్డర్’, అమ్మాయైతే ‘సిస్టర్’, ఆ వెనక ఇంటిపేరు. చొక్కా జేబు మీద నల్ల బ్యాడ్జీ.

ఆరున్నరకు అలారం

తైచుంగ్‌లో ఓ చిన్న అపార్ట్‌మెంట్. ఉదయం ఆరున్నరకు లేచి అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. తర్వాత ఒక్కడే కూర్చుని గ్రంథ పఠనం, ఆపైన జోడీతో కలిసి చదువు, చైనీస్ అక్షరాలతో కుస్తీ. పదింటికల్లా రోడ్డు మీద ఉండాలి. రాత్రి తొమ్మిది దాటాకే ఇల్లు చేరేది, పదిన్నరకు దీపం ఆర్పేయాలి. 2017లో వేళల్ని కాస్త సడలించి మిషనరీల ఇష్టానికి కొంత వదిలారుగానీ రోజుకున్న బిగువు మాత్రం పోలేదు. సినిమాలు చూడరు, టీవీ చూడరు. ప్రేమ వ్యవహారాలన్న మాటే లేదు. ఫోను ఉంటుంది, అందులో ఏముండాలో చర్చి నిర్ణయిస్తుంది.

వీటన్నిటికంటే కష్టమైన నియమం ఇంకొకటుంది. ఎప్పుడూ ఇద్దరుగానే ఉండాలి. స్నానాల గదిలో తప్ప ఒకరికొకరు కనుచూపు దూరం దాటకూడదు. ఆ రెండోవాడిని ‘కంపానియన్’ అంటారు. వాడు యూటావాడు కావచ్చు, టోంగా దీవులవాడు కావచ్చు, తైపేలో పుట్టినవాడే కావచ్చు. వాడు గురక పెట్టినా, అలిగినా, అన్నం మాడ్చినా భరించాలి. దాదాపు ఆరు వారాలకోసారి బదిలీల కబురొస్తుంది. ఆ కబురుతో ఊరు మారొచ్చు, జోడీ మారొచ్చు, ఒక్కోసారి రెండూ మారొచ్చు. ఎవరితో బతకాలో ఎంచుకునే వీల్లేకుండా, బతకడం మాత్రం నేర్చుకుని తీరాలి. పెళ్లయ్యాక అక్కరకొచ్చిన పాఠాలన్నీ అప్పుడు నేర్చుకున్నవేనని చాలామంది మాజీ మిషనరీలు చెబుతుంటారు. నేను నమ్ముతాను.

తైవాన్‌లో సైకిలే వాహనం. తెల్లచొక్కా, టై, తలకు హెల్మెట్, వీపున సంచి. వేసవిలో ఉక్క ఎంతంటే వీధి చివరికి చేరేలోపే చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, తుపాన్ల కాలంలో వారాల తరబడి బూట్లు ఆరవు. ఆ దేశం స్కూటర్ల దేశం. ఎర్ర దీపం పడితే డజన్ల కొద్దీ స్కూటర్లు ఒక్కసారిగా ఆగుతాయి. ఆ కొద్ది క్షణాలే మిషనరీకి అదను. పక్కనున్న స్కూటరు వైపు తిరిగి ‘నమస్కారం, భోంచేశారా?’ అని చైనీస్‌లో అడుగుతాడు. తెల్లతోలు కుర్రాడి నోట తమ భాష విని అవతలి వ్యక్తి ముఖం విప్పారుతుంది. తన పేరు చెప్పి, కార్డు చేతిలో పెట్టేలోపే పచ్చ దీపం పడుతుంది.

సాయంత్రం చెత్తబండి వస్తుంది. తైవాన్‌లో చెత్తబండి బీథోవెన్ సంగీతం మోగిస్తూ వస్తుంది. ఇంటి ముందు చెత్తకుప్ప ఉండకూడదు, ఎవరి సంచి వాళ్లే బండికి అందించాలి. అవ్వలూ తాతలూ సంచులతో నిలబడి కబుర్లాడుకునే ఆ కూడలిలో ఈ కుర్రాళ్లూ తమ సంచులతో పరుగెత్తుకొచ్చి నిలబడతారు. వీధివాళ్లతో నిజమైన పరిచయాలు చాలాసార్లు అక్కడే మొదలవుతాయి.

ఇక తేనీరు. తాము బబుల్ టీ పుట్టించామని గర్వంగా చెప్పుకునే ఊళ్లలో తైచుంగ్ ఒకటి. మోర్మన్లకేమో టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషిద్ధం. అతిథి రాగానే చిన్న కప్పుల్లో టీ పోసి రెండు చేతులా అందించే ఇంట్లో కూర్చుని ‘వద్దండీ’ అనడం ఎంత ఇబ్బందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇల్లాలు నొచ్చుకోకుండా కారణం చెప్పాలి, మంచినీళ్లు అడిగి తాగాలి, పెట్టిన తిండి మాత్రం కోడికాళ్లయినా సరే మిగల్చకుండా తినాలి.

తైవాన్‌లో ఈ చర్చి పని 1956లో నలుగురు మిషనరీలతో మొదలైంది. తైపేలో ఆలయం 1984లో వెలిసింది. ఇన్ని దశాబ్దాలుగా ప్రతి మిషనరీకీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ‘నేను మీ మతంలోకి వస్తే మా తాతకు అగరుబత్తి ఎవరు వెలిగిస్తారు?’ ఆ ఇళ్లలో పూర్వీకుల పీఠం ఉంటుంది. దానికి దండం పెట్టకుండా పండుగ రోజు గడవదు. మతం మారడమంటే అక్కడ దేవుణ్ని మార్చుకోవడం కంటే తాతముత్తాతల్ని అనాథల్ని చేయడం. పందొమ్మిదేళ్లవాడికి ఇది పుస్తకంలో దొరికే జవాబు కాదు. వాడికున్న ఆధారం ఒక్కటే. వాడి చర్చికీ పూర్వీకులంటే ప్రాణం. వంశవృక్షాల సేకరణను మోర్మన్లు ధర్మకార్యంగా భావిస్తారు, వాళ్లు నడిపే ఫ్యామిలీసెర్చ్ ప్రపంచంలోకెల్లా అతి పెద్ద వంశచరిత్ర భాండాగారాల్లో ఒకటి. అందుకే తెలిసినవాడు వాదనకు దిగడు. ‘మీ తాతగారి గురించి చెప్పండి’ అంటాడు. ఎదుటి మనిషి చెప్పడం మొదలెడితే గంట గడిచిపోతుంది. ఆ గంట ఫలితంగా చర్చిలో ఎవరూ చేరకపోవచ్చు. అయినా ఆ రెండేళ్లలో ఆ కుర్రాడు సంపాదించుకున్నదంతా అలాంటి గంటల్లోనే ఉందని నా అభిప్రాయం.

తలుపు వేసేశాక

రోజులో ఎక్కువ సేపు వినిపించేది ‘వద్దు’ అన్న మాటే. తైవాన్‌వాళ్లు మర్యాదస్తులు, ముఖం మీద తలుపేయరు. ‘ఆదివారం వస్తాం’ అంటారు, రారు. యూరప్‌లో అదీ ఉండదు. 1966లో పందొమ్మిదేళ్ల మిట్ రామ్నీ ఫ్రాన్స్ వెళ్లాడు. వైన్ లేనిదే భోజనం లేని దేశంలో మద్యం మానమని చెప్పాలి. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు కాబట్టి అమెరికన్ అనగానే మండిపడేవాళ్లూ ఉన్నారు. రోజుల తరబడి తలుపులు మూసుకుపోతుంటే వేరే తలుపు కొట్టడమే పని. 1968 జూన్‌లో కారు ప్రమాదంలో మిషన్ అధ్యక్షుడి భార్య మరణించారు, కారు నడుపుతున్న రామ్నీ చనిపోయాడనే అక్కడికొచ్చిన పోలీసు అనుకున్నాడు. బతికి, కోలుకుని, మళ్లీ పనిలోకే దిగాడు. 2012లో అమెరికా అధ్యక్ష పదవికి రిపబ్లికన్ అభ్యర్థి ఆయనే. అదే ఏడాది ఆ పార్టీ టికెట్ కోసం పోటీపడిన జాన్ హంట్స్‌మన్ కుర్రతనంలో తైవాన్‌లో మిషనరీ. వీధుల్లో నేర్చుకున్న ఆ చైనీసే తర్వాత ఆయన చైనాలో అమెరికా రాయబారిగా ఉన్నప్పుడు పనికొచ్చింది. హార్వర్డ్ మేనేజ్‌మెంట్ ఆచార్యుడు క్లేటన్ క్రిస్టెన్‌సెన్ దక్షిణ కొరియాలో, ఫాంటసీ నవలల రచయిత బ్రాండన్ శాండర్‌సన్ సియోల్‌లో ఇలాగే తిరిగారు.

పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి చెప్పి ఊరుకుంటే అన్యాయం. రెండేళ్లూ నిలవలేక మధ్యలో తిరిగొచ్చేవాళ్లున్నారు. కొందరిది జబ్బు, కొందరిది దిగులు, కొందరికి నమ్మకమే సడలిపోతుంది. ఊరంతా బాజాలతో సాగనంపిన పిల్లాడు నాలుగు నెలలకే సూట్‌కేసుతో దిగితే, ఎవరూ ఏమీ అనకపోయినా ఆ మౌనమే వాడిని కోసేస్తుంది. ఆ సమాజంలో ఈ గాయం గురించి ఇప్పుడిప్పుడే నోరు విప్పి మాట్లాడుకుంటున్నారు. ఇంటి నుంచే సేవచేసే పద్ధతి కూడా వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్లలపై ఇంత బరువు పెట్టడం సబబేనా అని అడిగితే, పోవాలా వద్దా అన్నది వాడి ఇష్టమైనప్పుడే సబబు అంటాను. కుటుంబం పరువు కోసమో, పెళ్లి సంబంధం కోసమో పంపడం మాత్రం తప్పు.

వారంలో ఒకరోజు కొంత ఊపిరి. ఎక్కువగా సోమవారం, దాన్ని ‘పీ డే’ అంటారు. బట్టలుతుక్కోవడం, సరుకులు, క్షవరం, కాస్త బాస్కెట్‌బాల్. ముఖ్యంగా ఇంటితో మాటలు. 2019 ఫిబ్రవరి వరకూ ఏడాదికి రెండుసార్లే ఇంటికి ఫోన్ చేయనిచ్చేవారు, క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ. ఆ తర్వాత వారం వారం మాట్లాడుకునే వీలు కల్పించారు. ఏడాది తర్వాత 2020 మార్చిలో కోవిడ్ విరుచుకుపడి వేలాది మిషనరీలను హడావుడిగా సొంత దేశాలకు చేర్చాల్సి వచ్చింది. ఆ రోజుల్లో అమ్మ గొంతు వారం వారం వినపడటం ఎంత ధైర్యమో ఊహించుకోవచ్చు.

మన ఊళ్లలో, మనవాళ్ల ఇళ్లలో

ఈ కథలో తెలుగువాళ్లకూ చోటుంది. హైదరాబాద్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ పసిఫిక్‌లోని సమోవా దీవుల్లో ఉండగా 1970ల్లో ఈ చర్చిలో చేరారు. 1978లో ఇద్దరూ మిషనరీలుగా సొంతవాళ్ల దగ్గరికే వచ్చి బంధువులకు బాప్తిస్మం ఇప్పించారు. ‘బుక్ ఆఫ్ మోర్మన్’ను తెలుగులోకి తెచ్చింది ఎల్సీ తండ్రి, బాప్టిస్టు బోధకుడు. 2012 మేలో భారతదేశంలో ఈ చర్చి తొలి ‘స్టేక్’ ఏర్పడింది హైదరాబాద్‌లోనే. స్టేక్ అంటే కొన్ని సంఘాలను కలిపిన జిల్లా లాంటిది. బెంగళూరులో ఆలయ నిర్మాణం 2020 డిసెంబరులో మొదలైంది.

మత మార్పిడి మన దగ్గర సున్నితమైన విషయం, దానిపై ఎవరి అభిప్రాయం వారికుంటుంది. తన నమ్మకాన్ని చెప్పే హక్కు మిషనరీకి ఎంత ఉందో, వద్దనే హక్కు ఇంటివాళ్లకూ అంతే ఉంది. నిర్మొహమాటంగా వద్దంటే మర్యాదగా వెళ్లిపోవాలి.

డాలస్‌లోనో, ఫీనిక్స్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఎప్పుడో ఓసారి తలుపు తడితే, నల్ల బ్యాడ్జీ పెట్టుకున్న ఇద్దరు పిల్లలు నిలబడి ఉంటారు. వాళ్లు చెప్పేది మీకు అక్కర్లేకపోతే ఆ మాటే సూటిగా చెప్పండి, వాళ్లకది అలవాటే. వాళ్లు కూడా ఇంటికి దూరంగా ఉన్న పిల్లలే. టీ ఇవ్వబోకండి, తాగరు. చల్లటి మంచినీళ్లు ఇచ్చి, ఏ ఊరు బాబూ అని ఒక్క మాట అడగండి.