ఐపీ పెడితే అప్పు తీరినట్టేనా?

నరసరావుపేట: పంట దెబ్బతిన్న ఏడాది పల్నాటి పల్లెల్లో తరచు వినవచ్చే మాట ఒకటుంది. "ఫలానా ఆయన ఐపీ పెట్టాడట!" రచ్చబండ దగ్గర ఆ మాట పడగానే అప్పిచ్చినవారి గుండె జారిపోతుంది. ఇక పైసా రాదని ఇచ్చినవారు, ఇక పైసా కట్టనక్కర్లేదని తీసుకున్నవారు అనుకుంటారు. ఇద్దరి లెక్కా తప్పే.

2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను పాడుచేసినప్పుడు సొంత భూమి ఉన్నవారికి చేనైనా మిగిలింది. కౌలు రైతుకు మిగిలినవి కౌలు బాకీ, పురుగు మందుల కొట్టు బాకీ, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ నోట్లు. ఇలాంటివారికి చట్టంలో దారి లేకపోలేదు. అయితే అది ఎక్కడికి తీసుకెళుతుందో తెలిసి నడవాలి.

ఐపీ అంటే...

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, దివాలా అర్జీ అన్నమాట. దీనికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది. కానీ అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే అమలవుతోంది. రైతుకు, చిల్లర వర్తకుడికి పాత చట్టమే దిక్కు.

అప్పులు 500 రూపాయలకు తక్కువ కాకుండా ఉండి, తీర్చే శక్తి లేనివారు అర్జీ పెట్టుకోవచ్చు. సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో దాఖలు చేస్తారు. ఎవరికి ఎంత బాకీ, తనకున్న ఆస్తి ఏమిటి, అది ఎక్కడుంది, అన్నీ అందులో రాయాలి. అప్పులవాళ్లకు కోర్టు నోటీసు వెళుతుంది. విచారణ జరిపి దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. దాన్ని అమ్మి బాకీల దామాషా ప్రకారం పంచుతారు.

అంతటితో అప్పు రద్దు కాదు. కోర్టు పెట్టిన గడువులోగా డిశ్చార్జి కోసం మళ్లీ దరఖాస్తు పెట్టాలి. అది మరిచిపోతే దివాలా ప్రకటనే రద్దవుతుంది, అప్పు మళ్లీ మెడకు చుట్టుకుంటుంది. డిశ్చార్జి అయ్యేలోగా సంపాదించిన ఆస్తి కూడా రిసీవరుదే. ఆలోగా తాను దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలు అప్పు తెచ్చినా నేరమే. పంచాయతీ పదవికి కూడా అనర్హత వస్తుంది.

వదలని బాకీలు

పొలమో బంగారమో తాకట్టు పెట్టుకున్నవారి హక్కు ఐపీతో పోదు. సర్కారు బాకీ, భార్యకు కట్టవలసిన భరణం, మోసంతో చేసిన అప్పు డిశ్చార్జి వచ్చినా నిలిచే ఉంటాయి. చెల్లని చెక్కు కేసు క్రిమినల్ కేసు, దాని దారి వేరు. అన్నిటికంటే ముఖ్యం హామీ సంతకం. అప్పు తీసుకున్నవాడు బయటపడినా, హామీ ఉన్నవాడు బయటపడడు. స్నేహానికి పోయి నోటు మీద సంతకం పెట్టిన పొరుగువాడిపైకే ఆ అప్పు వస్తుంది.

నోటీసు వస్తే చించవద్దు

ఐపీ నోటీసు అందుకున్నవారిలో కూతురి పెళ్లికని దాచిన సొమ్ము వడ్డీకిచ్చిన వితంతువులుంటారు, పాలు పోసి కూడబెట్టినవారుంటారు. అంతా పోయిందని నోటీసు చించేయడం పొరపాటు. వాయిదాకు వెళ్లి నోటు చూపి తమ బాకీ రుజువు చేసుకోవాలి. అప్పుడే పంపకంలో వాటా దక్కుతుంది.

అర్జీకి ముందు పొలం బావమరిది పేర, ఇల్లు భార్య పేర రాసి ఐపీ పెట్టేవారూ లేకపోలేదు. దివాలా అర్జీకి ముందు రెండేళ్లలో సరైన సొమ్ము తీసుకోకుండా, సద్బుద్ధి లేకుండా చేసిన బదలాయింపులను రిసీవరు ద్వారా కోర్టు రద్దు చేయగలదు. అర్జీకి ముందు మూడు నెలల్లో తనకు కావలసిన ఒక్క అప్పులవాడికే మేలు చేసినా అదే గతి. ఆస్తి దాచితే ఏడాది దాకా జైలు పడవచ్చు.

జప్తు కానివి

డిక్రీ వచ్చినా అమీనా అన్నీ ఎత్తుకుపోలేడు. బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు ముట్టకూడదు. సాగుకు అవసరమైన పనిముట్లు, పశువులు, విత్తనాలు, చేతివృత్తివారి పనిముట్లు, రైతు లేక కూలీ కాపురముండే సొంత ఇల్లు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద జప్తుకు లోబడవు. అయితే ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే ఈ రక్షణ లేదు.

డబ్బు డిక్రీపై ఆడవారిని అరెస్టు చేయకూడదు. శక్తి ఉండి ఎగ్గొట్టినవాడిని తప్ప, ఒట్టి పేదరికం వల్ల కట్టలేనివాడిని జైలుకు పంపరాదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ముందు చూడవలసిన దారులు

కోర్టు మెట్లెక్కే ముందు నోట్లు ముందేసుకుని లెక్క చూసుకోవాలి. ప్రామిసరీ నోటుపై దావాకు గడువు మూడేళ్లు. గడువు దగ్గరపడగానే వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయించుకోవడం వాడుక. అలా రెండుసార్లు రాసేసరికి అసలెంతో కూడా గుర్తుండదు. ఎంత కట్టినా నోటు వెనక చెల్లు రాయించాలి, తీరగానే నోటు వెనక్కు తీసుకోవాలి. ఖాళీ నోటుపై సంతకం పెట్టరాదు.

బ్యాంకు బాకీ అయితే మేనేజరును తప్పించుకు తిరగడం కంటే వెళ్లి గడువు పొడిగింపో, ఒకేసారి కట్టే రాజీయో అడగడం మేలు. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు. అక్కడి తీర్పుపై అప్పీలు కూడా లేదు గనుక కట్టగలిగిన వాయిదాలకే ఒప్పుకోవాలి. పేదవారికి, ఆదాయంతో పని లేకుండా మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

అప్పుల బాధకు పురుగు మందు డబ్బా మూత తీసేవారు తెలుసుకోవలసింది ఒకటుంది. ఇంటిపెద్ద పోతే అప్పు పోదు, ఆయన వదిలిన ఆస్తి మీద నిలుస్తుంది. ఇంటికి పోయేది మనిషే. అప్పిచ్చినవాడికి చట్టం ఇచ్చిన హక్కు ఆస్తి వరకే, ప్రాణం మీద కాదు.