బ్యాంకు నోటీసును చూరులో దోపొద్దు

ఉదయగిరి, ఆత్మకూరు: మెట్ట ప్రాంతంలో అప్పు లేని రైతిల్లు అరుదు. బోరుకు కొంత, బిడ్డ పెళ్లికి కొంత, ఇంటి స్లాబుకు కొంత. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి తెస్తారు. రెండేళ్లు వాన ముఖం చాటేస్తే కంతులు ఆగిపోతాయి. కొన్నాళ్లకు రిజిస్టరు పోస్టు వస్తుంది. చాలామంది దాన్ని చూరులో దోపేసి ‘చూద్దాంలే’ అంటారు. ఇల్లు చేజారేది అక్కడే.

పూర్వం బ్యాంకు కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకున్నాకే వేలం వేసేది. 2002లో సర్ఫేసీ చట్టం వచ్చాక కోర్టు గడప తొక్కకుండానే తాకట్టు ఇంటిని అమ్ముకోవచ్చు.

పొలం వేరు, ఇల్లు వేరు

తాకట్టు పెట్టిన సాగుభూమికి ఈ చట్టం వర్తించదు. అయితే కాగితంలో పొలమని ఉంటే చాలదు, నిజంగా సాగులో ఉండాలి. ఆ రుజువు బాకీదారుడే చూపాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే అడంగల్ సరిచూసుకోవాలి. అలాగని పొలానికి ఢోకా లేదనుకోవద్దు. బ్యాంకు సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. సహకార సంఘాల బాకీలకు వేరే చట్టం ఉంది.

బాకీ లక్ష రూపాయలు మించకపోయినా, అసలు, వడ్డీలో 20 శాతం లోపే మిగిలినా సర్ఫేసీ కింద ఇంటిమీదికి రాకూడదు.

రోజులు లెక్కపెట్టుకోండి

ఇంటి అప్పు కంతు 90 రోజులు దాటి ఆగితే మొండి బాకీ కింద రాస్తారు. తర్వాత వచ్చే నోటీసులో 60 రోజుల గడువుంటుంది. ఆ లోపు లెక్కలో తేడాలుంటే రాతపూర్వకంగా ఇవ్వాలి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. మేనేజరును కలిసి కంతులు మార్చమని, ఒకేసారి కట్టి తేల్చుకుంటామని అడగాల్సిందీ అప్పుడే.

గడువు దాటితే ఇంటి తలుపుకు స్వాధీన నోటీసు అంటిస్తారు. రెండు పత్రికల్లోనూ వేస్తారు, అందులో ఒకటి తెలుగుది. ఇది కాగితం మీద స్వాధీనమే. మనుషులను ఖాళీ చేయించాలంటే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. బ్యాంకు చర్య చట్టవిరుద్ధమనుకుంటే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మామూలు సివిల్ కోర్టు ఈ వ్యవహారంలో చేయి పెట్టదు.

మొదటి వేలానికి ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇక్కడే అసలు మెలిక. వేలం ప్రకటన పత్రికలో పడేలోపే మొత్తం బాకీ, ఖర్చులు కట్టి ఇల్లు విడిపించుకోవాలి. ఆ తర్వాత డబ్బు తెచ్చినా హక్కుగా అడగలేరని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మగా బాకీ పోను మిగిలింది యజమానిదే. చాలకపోతే తక్కువ పడింది యజమానే కట్టాలి.

కొనేవారూ జాగ్రత్త

డీసీపల్లి వేలంలో పొగాకు బేలు కళ్ల ముందే ఉంటుంది. ఇంటి వేలం అలా కాదు. ‘ఉన్నది ఉన్నట్టు’ తీసుకోవాలి. లోపల ఎవరున్నారు, ఇంటి పన్ను, కరెంటు బాకీలెంత, ఈసీలో ఏముంది, కోర్టులో తగాదా ఉందా అన్నవి కొనేవారే ముందుగా చూసుకోవాలి. పాట దక్కితే ముందు కట్టిన ధరావతుతో కలిపి 25 శాతం ఆ రోజుకో, మరుసటి పనిదినానికో కట్టాలి. మిగతా 75 శాతం ఖరారైన 15 రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా గడువిస్తుంది. తప్పితే కట్టిన సొమ్ము పోతుంది. అప్పు దొరుకుతుందిలే అన్న ధీమాతో పాట పాడొద్దు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్న వారికి న్యాయసేవా సంస్థ ద్వారా ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. నోటీసు అందిన రోజే గోడ మీది క్యాలెండరులో తేదీకి గుర్తు పెట్టండి. అరవై రోజులు ఇట్టే గడిచిపోతాయి.