దీర్ఘ వైజ్ఞానిక నవల – పఠనాసక్తి

శాస్త్ర విజ్ఞానాన్ని ఆధారంగా చేసుకొని, జరగనిదానిని జరిగినట్లు ఊహించి చెప్పే కథను వైజ్ఞానిక కల్పన అంటారు. ఇటువంటి దీర్ఘనవలలను ఉత్సాహంతో ప్రారంభించిన పాఠకులు అనేకులు నడుమనే విడిచిపెడతారు. ఇది బుద్ధిమాంద్యం కాదు, సోమరితనం కూడా కాదు. దీనికి కారణాలు ఆ రచనల స్వభావంలోనే ఉన్నాయి.

మొదటి కారణం అపరిచిత పదజాలం. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో ప్రచురించిన ‘డ్యూన్’ నవల చివర పదకోశమే చేర్చవలసి వచ్చింది. రెండవ కారణం, భావం పెరిగేకొద్దీ మనిషి మరుగున పడటం. ఓలాఫ్ స్టేపుల్డన్ 1930లో రచించిన ‘లాస్ట్ అండ్ ఫస్ట్ మెన్’ దాదాపు 200 కోట్ల సంవత్సరాల మానవచరిత్రను, 18 మానవజాతులను ఊహించింది. ఆ ఊహ మహత్తరమైనదే కాని, చేయి పట్టి నడిపించే పాత్ర అందులో కనిపించదు. మూడవ కారణం నిడివి. ఐజాక్ అసిమోవ్ ‘ఫౌండేషన్’ 1951లో పుస్తకమైనా, అందులోని కథలలో ఎక్కువ భాగం 1942 నుండి పత్రికలో విడివిడిగా వెలువడినవే. నాటి పాఠకుడు ఒక్కొక్క కథ చదివి, ఆలోచించుకొని, తరువాతి దానికై ఎదురు చూశాడు. నేటి పాఠకుడు ఆ భారమంతా ఒకేసారి మోయవలసి వస్తున్నది.

అయితే భావం బరువైనదైనంత మాత్రాన కథ నీరసం కానక్కరలేదు. హెచ్. జి. వెల్స్ 1895లో రచించిన ‘ది టైం మెషీన్’ చిన్న నవల. అందులో కాలయాత్రికుడు క్రీ. శ. 8,02,701 నాటికి చేరుతాడు. అప్పటికి మానవజాతి రెండుగా చీలి ఉంటుంది. శ్రమ ఎరుగని ఎలాయిలు నేలపైన, యంత్రాలను నడిపే మోర్లాకులు నేలక్రింద జీవిస్తుంటారు. వర్గభేదం ఎంతదూరం పోగలదన్న గంభీరమైన ప్రశ్న ఇది. అయినా చదువరికి చివరకు గుర్తుండేది, ఎలాయి యువతి వీనా యాత్రికునికిచ్చిన, వాడిపోయిన రెండు తెల్లని పూలు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’లోని కాలయంత్రాన్ని తెలుగువారు ఆదరించడానికి కారణం కూడా, అది తాము ఎరిగిన శ్రీకృష్ణదేవరాయల కాలానికి తీసుకొనిపోవడమే.

పాఠకుడు కూడా తన జీవితం నుండి భావానికి ఒక దారి వేసుకోవచ్చు. భూపాలపల్లిలో జనం ‘బాయి’ అని పిలిచే భూగర్భ గనులు ఉన్నాయి. అక్కడి విద్యార్థికి మోర్లాకుల లోకం కేవలం కల్పనగా తోచదు. తలదీపంతో నేలక్రిందికి దిగేవారు ఆ ఊరివారే. వారు త్రవ్వి తీసే బొగ్గు సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరాల నాటి వృక్షసంపద. నవలలో అంకెగా మాత్రమే కనిపించే కోట్ల సంవత్సరాలు అక్కడ చేతికి మసిగా అంటుకొంటాయి. నేలక్రింద పనిచేసేవారిని నేలపైనున్నవారు మరచిపోతే ఏమవుతుందని వెల్స్ అడిగిన ప్రశ్న, ఆ ఊరిలో ప్రతి ఇంటికీ సంబంధించినది.

ఆసక్తి తగ్గినప్పుడు పెద్ద నవలను ప్రక్కన పెట్టడం తప్పు కాదు. చిన్న కథతో మొదలుపెట్టి, ప్రకరణం తరువాత ప్రకరణంగా చదువుతూ మరల దానిని చేరుకోవచ్చు. కాని దూరకాలాన్ని గురించి ఆలోచించడమే మానివేయరాదు. రేపటిని ఊహించడం మానిన సమాజానికి, ఆ రేపటిని ఇతరులే నిర్ణయిస్తారు.