ఊపిరా? నాడియా?

కాగజ్‌నగర్‌లో గానీ మరే పట్టణంలో గానీ నేడు శస్త్రచికిత్సకు ముందు రోగి వేలికి ఒక చిన్న పరికరాన్ని తగిలిస్తారు. నెత్తుటిలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో, నాడి ఎట్లు కొట్టుకొనుచున్నదో రెంటినీ అది ఒక్కసారే తెలుపుతుంది. మత్తులోనున్న మనిషి ప్రాణాన్ని కాపాడుటకు ఈ రెంటిలో దేనిని కనిపెట్టి చూడవలెనన్న విషయంపై వైద్యలోకం ఒకప్పుడు రెండు పక్షాలుగా చీలినది. ఆ వివాదానికి రంగస్థలం మన హైదరాబాదే. అప్పుడు కాగజ్‌నగర్ సీమ కూడా నిజాం ఏలుబడిలోనిదే.

క్లోరోఫారంను 1847లో ఎడింబరోలో సింప్సన్ వాడుకలోనికి తెచ్చాడు. మరుసటి జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొనుటకు ఆ మత్తు పీల్చి కొద్ది నిమిషాలలోనే మరణించినది. ఇట్టి మరణాలలో మొదట ఆగునది ఊపిరియా, గుండెయా?

ఊపిరియేనని హైదరాబాదు వైద్య పాఠశాలకు నాయకుడైన ఎడ్వర్డ్ లారీ వాదన. శ్వాసను కనిపెట్టి చూచిన చాలును, గుండెకు భయం లేదని ఆయన నమ్మకం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణతో 1888లో క్లోరోఫారం సంఘం ఏర్పడి, ఆయన మాటే నిజమన్నది. లండనులోని లాన్సెట్ పత్రిక సందేహించినది. ఆ పత్రిక తరఫున నిపుణుడు వచ్చుటకు నిజాం వేయి పౌనులిచ్చారు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగినవి. తరువాత మత్తువైద్యురాలిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ వాటిలో పాల్గొన్నది. రెండవ సంఘమూ లారీనే సమర్థించినది.

ఆ తీర్పు సగమే నిజం. మత్తు మితిమీరినపుడు ఊపిరి ముందుగా ఆగుట వాస్తవమే. కాని మత్తు పలుచగా ఉన్నపుడు, అడ్రినలిన్ తోడైనచో, గుండె లయ తప్పి హఠాత్తుగా నిలిచిపోవచ్చునని 1911లో లండను వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగించి నిరూపించాడు. శ్వాస సరిగా ఉన్నదని ధైర్యపడిన వైద్యునికి ఆ మృత్యువు ముందుగా కానరాదు.

అయినను లారీ శ్రమ వృథా కాలేదు. రోగి ఊపిరిపై ఎడతెగని దృష్టి ఉంచవలెనన్న ఆయన సూత్రం నేటికీ శిరోధార్యమే. దానికి నాడిని విడదీసి చూచుటే దోషం. 1974లో జపానులో టకువో అవోయాగి కనిపెట్టిన పద్ధతితో ఆ వేలి పరికరం రెంటినీ ఒకచోట చేర్చినది. క్లోరోఫారం వాడుక తప్పినది. కనిపెట్టుకొని ఉండవలసిన మనిషి అవసరం మాత్రం తప్పలేదు.